అచ్చియ్యమ్మ చెయ్యి ఆనని బల్ల

కింద వాటర్ ట్యాంకు కనిపించిన రోజు

ఈ రోజువారీ పుస్తకం రాయడం మా ఊళ్ళో ఉద్యోగం కాదు, శిక్ష. ఊరు ఏ పూట దేని మీదుగా తేలిందో, గాలి ఎటు కొట్టిందో, ఎవరి తాడు ఎవరి తాడుతో చిక్కు పడిందో రాయాలి. ఈ పనికి ఎవడూ ఒప్పుకోడు. అందుకని చివరగా తప్పు చేసి దొరికినవాడి మెడకి చుడతారు. ఇప్పుడా మెడ నాది. పేరు నూకరాజు. చదువు ఏడో తరగతి. ఎనిమిది చదువుదామంటే అప్పటికే ఆ తరగతి తెప్ప కొట్టుకుపోయింది.

నేరం ఏంటంటే, ప్రెసిడెంటు గవర్రాజు గారు ఉపన్యాసాలిచ్చే తగరపు బాకాలో ఎండు రొయ్యపొట్టు కూరాను. ఆయన సావడి తెప్ప ఎక్కి "ప్రియమైన తెప్పలపాలెం ప్రజలారా!" అనేసరికి ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి ఎదురుగా బుద్ధిగా కూర్చున్నాయి. అంత శ్రద్ధగా వినే సభ ఆయనకి జన్మలో దొరకలేదు. ఆ మాట మనసులో ఉంచుకోవాల్సింది. పైకి అన్నాను. రెండో శిక్ష పడింది.

రెండో శిక్ష, బల్ల చెయ్యడం.

మొన్నటి గాలికి సావడిలో పాత బల్ల పగిలిపోయింది. ఊరు మలుపు తిరగాలంటే ఆ బల్లే దిక్కు. ఇంటికొకరు దాని చుట్టూ నిలబడి, ఎవరి చోట్లో వాళ్ళు అరచెయ్యి ఆనించి, అందరూ కలిసి ఒకే పక్కకి మెల్లగా జరపాలి. చెయ్యి ఎటు జరిగితే ఆ ఇంటి తెప్ప కింద పంకా అటు తోస్తుంది. చేతులన్నీ బల్లకి ఒక్కసారే తెలియాలి. ఒక్కటి తెలియకపోయినా ఆ పంకా కదలదు, ఆ తెప్ప బరువై వేలాడుతుంది, ఊరు వంకర తిరిగి తాళ్ళు తెగుతాయి. పోయిన ఏడు అదే అయింది. గవర్రాజు గారి వసారా ఊడి, పడక్కుర్చీతో సహా సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ సమయానికి కుర్చీలో ఆయన లేరు. విచారం కొద్దీ కాదు, వివరం కొద్దీ రాస్తున్నాను.

ఆ తెలియని చెయ్యి అచ్చియ్యమ్మ వదినది.

వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ నన్ను మరిదీ అని తిడుతుంది, నేను వదినా అని పడతాను, అంతే. ఊరి తోక చివర ఒంటరి తెప్ప మీద గవ్వలు కాల్చి సున్నం తీస్తుంది. ఆ సున్నం మెత్తకపోతే మా తెప్పల సందుల్లోంచి నీళ్ళూరి ఊరే మునుగుతుంది. అయితే ఆ సున్నం ఆవిడ చేతుల్ని తినేసింది. వేళ్ళ మీద గీతలు లేవు, చెమట లేదు. పట్టుకుంటే గవ్వని పట్టుకున్నట్టే ఉంటుంది. పాత బల్లకి ఏటేటా ఆవిడ చెయ్యి కాస్త కాస్తగా ఆనడం మానేసి, పోయిన ఏడు పూర్తిగా మానేసింది. వసారా పోయిన బాధలో సభ ఒక తీర్మానం చేసింది: ఈసారి ఎవరి చెయ్యి బల్లకి తెలియదో వాళ్ళ తెప్ప తాడు మలుపుకి ముందే విప్పెయ్యాలి.

పేరు రాయలేదు. రాయక్కర్లేకపోయింది.

"ఒరే నూకరాజూ, నీ తెలివి పిల్లుల మీద కాదు, దీని మీద చూపించు. నది నోరు వచ్చేలోపు కొత్త బల్ల కావాలి" అన్నారు గవర్రాజు గారు.

"ఎలాంటిది కావాలండీ?"

"చెయ్యి పెడితే తెలియాలి. అంతే."

"ఎవరి చెయ్యి పెట్టినా తెలియాలాండీ?"

ఆయన తోక వైపు ఓసారి చూసి, "నిన్నడిగింది బల్ల. ప్రశ్నలడగలేదు" అన్నారు.

మలుపు తిరిగితే నది నోట్లోకి, తియ్యటి నీళ్ళలోకి వెళ్తాం. తప్పితే ఏడాదంతా ఉప్పు మీద తేలుతూ మబ్బుల కేసి నోరు తెరుచుకోవాలి. తాడు విప్పిన తెప్ప సంగతి అయితే, కొన్నాళ్ళు కనిపిస్తుంది. తర్వాత చుక్క. తర్వాత, చుక్క ఉండిన చోటు.

సాయంత్రం కింద నీళ్ళలో పాతకాలం వాటర్ ట్యాంకు కనిపించింది. దాని మెట్ల చుట్టూ చేపలు గుండ్రంగా ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. బిందెలు మర్చిపోయి మళ్ళీ ఇంటికెళ్తున్నట్టు.

సినిమా హాలు మీదుగా వెళ్ళిన రోజు

మరిడియ్య పడవ వచ్చింది. మునిగిన ఊళ్ళలోకి దూకి సామాన్లు తెచ్చేది ఇతనే. బదులుగా చేపలిస్తే తీసుకోడు, బట్టలిస్తే తీసుకోడు. నీళ్ళ అడుగున మాట వినబడదు కదా, పైకొచ్చేసరికి చెవులు ఆకలి మీద ఉంటాయట. ఒక సామానుకి ఒక మంచి అబద్ధం చెప్పాలి. విన్న అబద్ధం మళ్ళీ చెల్లదు. ఈ లోకంలో నన్ను చూసి మొహం వెలిగే వ్యాపారి ఇతనొక్కడే.

"ఏం గావాలా?" అన్నాడు.

"ఊరందరి చేతులూ ఒక్కసారే తెలిసే బల్ల చెయ్యాలి."

"అయ్యబాబోయ్. నా ఒక్కడి చెయ్యి తెలిసే పెళ్ళామే దొరకలేదు నాకు."

పడవలో సామాను పరిచాడు. నేను జేబులోంచి గవ్వ తీశాను. వదిన చెయ్యి కోసి తేలేను కాబట్టి ఆవిడ బట్టీలోంచి ఆ గవ్వ తెచ్చుకున్నాను. గవ్వ పెడితే తెలిసే బల్ల వదిన చేతికీ తెలుస్తుందని నా లెక్క.

మొదట బ్యాంకు మిషను అద్దం చూపించాడు. ఇది ఒంట్లోని తడినీ కరెంటునీ పసిగడుతుంది. నా వేలికి మురిసిపోయింది. గవ్వ పెడితే పలకలేదు. మా పాత బల్లకి చిన్న చెల్లెలన్నమాట. పక్కన పెట్టాను.

తర్వాత బడి గోడకి వేలాడదీసే బోర్డు చట్రం. గాజు లేదు, పలక లేదు, ఒట్టి నాలుగు పక్కల చట్రం. ఆ అంచు నుంచి ఈ అంచుకి కంటికి కనపడని వెలుతురు దారాలు కట్టి ఉంటాయి. దారం ఎక్కడ తెగితే అక్కడ ఏదో పెట్టారని దానికి తెలుస్తుంది. గవ్వ పెట్టాను. తెలిసింది! ఎగిరి గంతేస్తే మరిడియ్య పడవ ఊగింది.

"అబద్ధం జెప్పి పట్టుకుపో" అన్నాడు.

చంద్రుడి మీద కూడా మనలాంటి తెప్పలూరు ఒకటుందని చెప్పాను. వాళ్ళు మన ఊళ్ళ దీపాల వెలుతురులో ఈత కొడతారని, పున్నమి నాడు నీళ్ళు పొంగేది వాళ్ళ పాదాలు తడమడానికేనని, పాపం ఎంత పొంగినా జానెడు దూరంలో ఆగిపోతాయని. మరిడియ్య కళ్ళు మూసుకుని విన్నాడు. కింద సినిమా హాలు తెర ఇంకా కట్టే ఉన్నట్టుంది, ప్రవాహానికి మెల్లగా ఊపిరి పీలుస్తోంది.

"ఇది అబద్ధంలాగ లేదు" అన్నాడు చివరికి. "కొసరుగా ఇంకేమన్నా పట్టుకెళ్ళు."

బడి గంట వినిపించిన రోజు

నీళ్ళ అడుగున ఎక్కడో ఒక బడి ఉంది. ప్రవాహం మారినప్పుడు గంట దానంతటదే మోగుతుంది. మా పిల్లలు ఆ శబ్దానికి పరిగెత్తరు. వాళ్ళకది చేపల బడి.

చట్రం బిగించి పంకాలకి తీగలు కలిపాను. భద్రం పెట్టాడు చెయ్యి, తెలిసింది. భద్రం మా ఊరి తాళ్ళ మనిషి. కట్టమంటే కడతాడు, విప్పమంటే విప్పుతాడు, మధ్యలో ఆలోచన పెట్టుకోడు. వదినని పిలిచాను. ఆవిడ చెయ్యి పెట్టింది, అదీ తెలిసింది. "నీ బల్ల బాగానే ఉందే!" అని ఆవిడ అనేలోపు గవర్రాజు గారి బాకా జ్ఞాపకం ఇంకా వదలని గండుపిల్లి ఒకటి బల్లెక్కింది. నాలుగు అడుగులు వేసింది. నాలుగు ఇళ్ళు నాలుగు దిక్కులకి బయల్దేరాయి. భద్రం పెళ్ళాం ఒక కాలు తన ఇంట్లో, ఒక కాలు పక్కింట్లో పెట్టి గంజి వారుస్తోంది. ఆవిడ అరుపు బడి గంటని మించిపోయింది.

పిల్లిని దించాం. అంతలో మంచు కమ్మింది. చుక్కలు చుక్కలుగా చట్రం మీంచి వెళ్తుంటే బల్లకి వేలకొద్దీ చేతులు తెలియడం మొదలయింది. మంచుకి కూడా ఇల్లూ పంకా ఉన్నాయనుకుంది. ఊరంతా సన్నగా వణికింది. కాసేపు అది చూడటానికి ఎంత బావుందో చెప్పలేను. కనిపించని జనం ఎవరో మెత్తగా వచ్చి మా బల్ల చుట్టూ నిలబడి, ఎవరి చోటు వాళ్ళు వెతుక్కుంటున్నట్టు.

ఇంకో తిరకాసు. ముందున్న చెయ్యి వెనకున్న చేతిని కప్పేస్తుంది. ఊళ్ళో జరిగేదే అయినా బల్ల మీద పనికిరాదు.

చట్రం విప్పుతుంటే వదిన అంది: "కొందరు మడుసులు కాదనే బల్లొకటి. పిల్లీ మంచూ అన్నీ మడుసులేననే బల్లొకటి. మజ్జెలో ఏదీ దొరకదా మరిదీ?"

"వెతుకుతున్నాను కదే వదినా."

"ఎతుకు, ఎతుకు. సుక్కైపోయాకా దొరికితే పైనుంచి సూత్తాను."

బస్టాండు మీద నిలిచిపోయిన రోజు

గాలి లేదు, ప్రవాహం లేదు. ఊరు కదలకుండా నిలబడింది. కింద బస్సులు వేటి చోట్లో అవి వరసగా ఆగి ఉన్నాయి. కిటికీ పక్క సీట్లన్నీ చేపలవే.

మరిడియ్య కొసరుగా ఇచ్చింది మందపాటి ప్లాస్టిక్ పలక. ఏదో హోటల్లో చేపల తొట్టి గోడట. చేపలకి బయటి లోకాన్ని చూపించిన పలక. దాని అంచులు ముందు ఇసకతో, తర్వాత బూడిదతో, చివరికి పళ్ళపొడితో, దీపం చిమ్నీలా మెరిసేదాకా రుద్దాను. పాత టీవీల రిమోట్లు పగలగొట్టి వాటి ముక్కు దగ్గరుండే బుల్లి బల్బులు తీసి అంచుల చుట్టూ గుచ్చాను. అవి వెలిగినా ఆ వెలుతురు మన కంటికి కనపడదు, కెమెరా కంటికి కనపడుతుంది. పలక అంచులోంచి పోసిన ఆ వెలుతురు బయటికి దారి తెలియక లోపల్లోపలే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. పైన ఎవరైనా వేలు నొక్కితే, నొక్కిన చోట కిందికి కారిపోతుంది. కింద కెమెరాకి అది తెల్లటి చుక్క.

కెమెరా ఏదో దుకాణంలో దొంగల కోసం పెట్టింది. లోపల చిన్న రంగు గాజు ఒకటి ఈ రకం వెలుతురుని రానివ్వకుండా అడ్డుపడుతుంది. సూదితో దాన్ని పగలగొట్టాను. మామూలు వెలుతురు రాకుండా పెళ్ళి ఫోటోల ఫిల్ము చివర నల్లగా మాడిన ముక్క అడ్డం పెట్టాను. ఎవరి పెళ్ళో. వధూవరులకి ఇక్కడినుంచే దండం.

బుల్లి తెర వెలిగించి అందర్నీ చేతులు పెట్టమన్నాను.

తెర మీద చూస్తే, నల్లటి ఆకాశం. అందులో అయిదేసి చంద్రుళ్ళ గుంపులు. భద్రం చంద్రుళ్ళు లావుగా, వాడి పెళ్ళానివి సన్నగా, గవర్రాజు గారివి ఉంగరాల మధ్య ఇరుకిరుకుగా. వేలు జరిపితే చంద్రుడు జరుగుతాడు. ఎత్తితే అస్తమిస్తాడు. పిల్లిని కూడా ఎక్కించాం. దాని మెత్తటి అడుగుకి వెలుతురు కారలేదు. మంచు వచ్చింది, బల్ల పట్టించుకోలేదు.

వదిన చెయ్యి పెట్టింది.

ఆకాశం నల్లగానే ఉంది.

"గట్టిగా నొక్కు వదినా."

"ఇంకా నొక్కితే నీ బల్ల బస్టాండులో దిగుద్ది."

రెండు చేతులూ పెట్టింది. అరచేతులు, మణికట్లు. ఏమీ లేదు. పొడి చర్మం పలకకి అంటదు, అంటకపోతే వెలుతురు కారదు. ఊళ్ళో తియ్యనీళ్ళు అప్పటికే కుండల అడుగున ఉన్నాయి. అందులో ఒక చుక్క తెచ్చి ఆవిడ వేలికి రాశాను. సున్నపు చెయ్యి దాన్ని చూస్తుండగానే తాగేసింది. సముద్రపు నీళ్ళు వాడదామంటే పలక మీద ఉప్పు పేరుకుని అందరి చంద్రుళ్ళూ మసకేస్తాయి.

అందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వదిన చేతులు తియ్యలేదు. తెరకేసి చూస్తూ, తిట్టే గొంతుతో కాదు, అడిగే గొంతుతో అంది: "నేనిక్కడే ఉన్నాను కదా మరిదీ?"

"ఉన్నావు వదినా" అన్నాను.

సూర్యుడు వంటింట్లోంచి వచ్చిన రోజు

నూనె పూయొచ్చని నాకే తట్టింది. నిన్న సాయంత్రం వదిన అరచేతికి కొబ్బరినూనె దట్టంగా రాసి బల్ల మీద పెట్టించాను. అయిదు చంద్రుళ్ళు! ఆవిడ చెయ్యి కాస్త పక్కకి జరిపింది. తోక చివర ఆవిడ పంకా గిర్రున తిరిగింది. ఆనందంలో నేను బల్ల ఆపెయ్యడం మర్చిపోయాను. ఇద్దరం ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాం.

పొద్దున లేచేసరికి సూర్యుడు నా వంటింట్లోంచి ఉదయిస్తున్నాడు. నా వంటిల్లు పడమటి వైపు.

బయటికొస్తే ఊరంతా అదే. వాకిట్లో ముగ్గేద్దామని ముందు తలుపు తీసినవాళ్ళకి పెరటి వెలుతురు కనిపించి మళ్ళీ తలుపేసుకున్నారు. ముసలాళ్ళు సూర్యనమస్కారానికి లేచి, దిక్కు తెలియక, గుండ్రంగా తిరుగుతూ దండాలు పెట్టారు. ఆరేసిన చేపలు నీడలో పడ్డాయి. ఒక పక్క నవ్వొస్తోంది, ఒక పక్క ఊరు మొత్తం కలలో ఒత్తిగిలి పడుకున్నట్టుంది.

వదిన చెయ్యి తీసేసినా, జరిపిన చోటే జిడ్డు పలక మీద మిగిలింది. బల్లకి జిడ్డుకీ చేతికీ తేడా తెలియలేదు. ఆవిడ ఇంట్లో నిద్రపోతుంటే, బల్ల మీద ఆవిడ చెయ్యి ఊరిని తిప్పుతూనే ఉంది. ఇంకోసారి చూశాం. నూనె చెయ్యి జరిపితే దారి పొడవునా జిడ్డు పరుచుకుని తెర మీద బారెడు చెయ్యి కనిపిస్తోంది. పంకా ఎటు తోయాలో తెలియక కొట్టుకుంటోంది. నూనె సంగతి ముగిసింది.

గవర్రాజు గారు వచ్చారు. అరవలేదు. అరిస్తే బావుండేది.

"అచ్చియ్యమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఒక్క తెప్ప కోసం ఊరిని ముంచలేను. మలుపు రోజు నేను చెయ్యెత్తగానే భద్రం నీ తాడు విప్పుతాడు. నెల రోజుల తిండి పెట్టిస్తాను."

"సున్నం ఎవరు కాలుత్తారండీ?" అంది వదిన.

ఆయన దానికి జవాబు తర్వాత ఆలోచిద్దామనుకున్నట్టున్నారు, వెళ్ళిపోయారు.

చక్కెర ఫ్యాక్టరీ గొట్టం పక్కనుంచి వెళ్ళిన రోజు

నీళ్ళపైకి పొడుచుకొచ్చిన గొట్టం చివర కొంగ ఒకటి నిలబడి మా ఊరు వెళ్ళడం చూసింది. నాకు ఒళ్ళు మండుతోంది. కోపం వస్తే కొందరు కొడతారు, కొందరు ఏడుస్తారు. నేను చిలిపి పని చేస్తాను.

మరిడియ్య దగ్గర కచిడి చేపల పొట్టలో ఉండే బుడగలు ఎండబెట్టినవి ఉంటాయి. ఉడకబెడితే జిగురొస్తుంది. అతని దగ్గరున్నవన్నీ ఒక అబద్ధానికి తెచ్చాను. చిన్నదే చెప్పాను: మా ప్రెసిడెంటు మంచివాడని. మరిడియ్య పడీ పడీ నవ్వి, పైసా ఎదురిచ్చినట్టు ఒక బుడగ ఎక్కువ వేశాడు.

వదిన బట్టీ మీద కుండ పెట్టాం. సెగకి ఆవిడ చెయ్యి కాలదు, కలిపే పని ఆవిడే చేసింది.

"ఇదెందుకు?"

"గవర్రాజు గారి చోట్లో పూస్తాను. మలుపు రోజు ఆయన చెయ్యి పెట్టగానే బల్లకి అంటుకుపోతుంది. నీ తాడు విప్పమని చెయ్యెత్తాలి కదా? లేస్తేగా!"

వదిన గరిటె ఆపింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే కళ్ళ కింద సున్నం గీతలు పడ్డాయి.

"రెండో సెయ్యి ఎత్తుతాడు కదా మరిదీ."

"ఎత్తనీ. ఆ లోపు బాకా కూడా నోటికి అంటిస్తాను."

ఎండి గట్టిపడకుండా ఉండాలని బెల్లం పాకం కాస్త పోశాం. సాయంత్రం ఎవరూ లేనప్పుడు సావడికెళ్ళి బల్ల తల చోట్లో పలచగా పరిచి వచ్చాం. తల చోటు ప్రెసిడెంటుది. అక్కడి చెయ్యి ఏ ఇంటిదైతే ఆ ఇల్లు ముందు నడుస్తుంది, మిగతావి దాని వెనక పడతాయి.

నీళ్ళ రంగు మారడం మొదలైన రోజు

పొద్దున్నే వెళ్ళి చూస్తే జిగురు చెడింది. అంటుకోవడం లేదు. పాకం ఎక్కువైందేమో, తాటిముంజె పైపొరలా మెత్తగా, పలచగా, నున్నగా పేరుకుంది. వేలు పెడితే చక్కగా ఊడొస్తోంది. నా జీవితంలో ఇంత పనికిమాలిన చిలిపి పని ఇంకొకటి లేదు. చిరాకొచ్చి జేబులో గవ్వ తీసి దాని మీద కొట్టాను.

తెర మీద చంద్రుడు పొడిచాడు.

మళ్ళీ నొక్కాను. పొడిచాడు. తీశాను. అస్తమించాడు. జిడ్డు లేదు, మచ్చ లేదు. నాకు అర్థమైనంతలో, పైనుంచి ఏది నొక్కినా ఆ మెత్తటి పొర వంగి పలకని కరుచుకుంటోంది. వెలుతురు పొరలోకి కారుతోంది. నొక్కింది తడో పొడో దానికి పట్టదు. నొక్కితే చాలు.

వదినని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. చేతులకి గవ్వల దుమ్ము ఉంది, కడుక్కోనివ్వలేదు. పెట్టింది. ఆకాశంలో అయిదు చంద్రుళ్ళు, వాటి వెనక అరచెయ్యి మొత్తం, పాలు ఒలికినట్టు.

ఆవిడ ఒక్కొక్క వేలే ఎత్తి దించి ఎత్తి దించి చూసుకుంది, పిల్లల వేళ్ళు లెక్కపెట్టే తల్లిలాగ.

చిక్కు ఇక్కడే ఉంది. బుడగలు అయిపోయాయి. కచిడి చేప మళ్ళీ దొరకాలంటే నది నోరు దాటాలి. ఉన్న పొరని ఊడదీసి వదిన చోటికి మారుద్దామని మూల లేపితే చిరిగింది, వదిలేశాను. అంటే, మా ఊరు మొత్తం మీద అచ్చియ్యమ్మ వదిన మనిషేనని ఒప్పుకునే చోటు ఒక్కటే. అది గవర్రాజు గారిది.

బల్ల కిందికి దూరి తీగలు మార్చాను. తల చోటు ఇప్పుడు వదిన పంకాకి, తోక చోటు ప్రెసిడెంటు గారి పంకాకి.

"ఆయనకి సెప్పవా?" అంది.

"చెప్తే సభ పెడతారు. సభ అయ్యేసరికి నది మనల్ని దాటి వెళ్ళిపోతుంది."

నది నోరు

తెల్లవారుతుంటే మంచు. నీళ్ళ మీద గీత గీసినట్టు ఒక పక్క సముద్రపు పచ్చ, ఒక పక్క నది ఎరుపు. ఊరు నెమ్మదిగా ఆ గీత వైపు కొట్టుకుపోతోంది. అందరూ బల్ల చుట్టూ చేరారు. కుండల్లో చుక్క లేదు, నోళ్ళలో తడి ఆరిపోతోంది.

గవర్రాజు గారు కొత్త కండువాతో వచ్చారు. తన చోట్లో వదిన నిలబడి ఉంది.

"ఏంటిది?"

"బల్ల అండీ. మీరడిగిందే" అన్నాను. పొర సంగతి, తీగల సంగతి మూడు ముక్కల్లో చెప్పాను. వదిన చెయ్యి ఆనించింది. తెర మీద చంద్రుళ్ళు పొడిచారు. ఎవరో "అమ్మో" అన్నారు.

ఆయన మొహం సున్నంలా పాలిపోయింది. సగం చెయ్యెత్తారు. తోక తెప్ప తాడు దగ్గర కత్తి పట్టుకున్న భద్రం మెడ చాచాడు.

"ఎత్తండి" అన్నాను. "కానీ ఆ తాడు విప్పితే తల చోటు పంకా కూడా పోతుంది. తల లేకుండా ఊరు తిరగదు. మళ్ళీ తీగలు మార్చాలంటే సగం పూట పడుతుంది. నీళ్ళు చూడండి, అంతసేపు ఆగుతాయేమో."

నీళ్ళు ఆగేలా లేవు. గీత మా మొదటి తెప్పల కిందికి వచ్చేసింది. ఆయన చెయ్యి గాల్లో అలా ఉండిపోయింది. తర్వాత దిగింది. ఎవరి మొహమూ చూడకుండా బల్ల చుట్టూ నడిచి తోక చోటికి వెళ్ళి అరచెయ్యి ఆనించారు.

ఆకాశం నల్లగా ఉంది.

మళ్ళీ ఆనించారు. ఉంగరాలు తీసి ఆనించారు. భయానికో, చలికో, ఒంట్లో నీళ్ళు లేకో, ఆయన చెయ్యి కట్టెలా ఎండిపోయింది. బల్లకి గవర్రాజు గారు లేరు.

తాడు దగ్గర్నుంచి భద్రం గొంతు: "అండీ... ఇప్పుడు ఎవరి తాడు విప్పమంటారండీ?"

వాడు వెటకారంగా అడగలేదు. వాడికది రాదు. నాకు చచ్చేంత నవ్వు రావలసిన చోట అది. రాలేదు. ఆయన తెరకేసి చూస్తున్న చూపు నేను ఇంతకుముందే ఒకసారి చూశాను.

"కత్తి లోపల పెట్టరా" అంది వదిన. "ఏవండీ, మీ సెయ్యి సున్నం తిన్న సెయ్యి కాదు. తడి నిలబడుద్ది. తడి సేసుకోండి."

"నీళ్ళెక్కడివి?"

"నాలుకుంది కదండీ."

ఊరంతా చూస్తుండగా తెప్పలపాలెం ప్రెసిడెంటు గారు తన అరచేతిని తానే నాకారు. పెట్టారు. అయిదు చంద్రుళ్ళు, బలహీనంగా, కానీ ఉన్నాయి.

"జరపండి!" అంది వదిన.

చేతులన్నీ ఒకేసారి జరిగాయి. నేను తెర చూస్తున్నాను. నల్లటి ఆకాశంలో మా ఊరి చంద్రుళ్ళన్నీ కలిసి ఒక పక్కకి నడిచిపోతున్నాయి. కాళ్ళ కింద తెప్ప మూలిగింది, తాళ్ళు బిగిశాయి, తెగలేదు. మంచులో ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి పక్కకి ఒరిగి, నిద్రలో నడిచేవాళ్ళలా, తోక చివరి తెప్ప వెనక పడ్డాయి. తోక ముందుకొచ్చింది. పచ్చ నీళ్ళు దాటాం, ఎర్ర నీళ్ళు వచ్చాయి. మధ్యమధ్య ఒక చంద్రుళ్ళ గుంపు ఆరిపోబోయేది. "ప్రెసిడెంటు గారూ!" అని అందరం ఒకేసారి కేకేసేవాళ్ళం. ఆయన గబగబా నాకి మళ్ళీ పెట్టేవారు. ఒకరు కూడా నవ్వలేదు.

నది నోట్లోకి వచ్చాక భద్రం చెంబు ముంచి తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. వదిన తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"తాగండి. నాలుకెండిపోయుంటది."

ఆయన ఆవిడ చేతిలోంచే తాగారు. చెంబు వదల్లేదు, నీళ్ళయిపోయాక కూడా కాసేపు.

తియ్యనీళ్ళ మీద మొదటి పగలు

వదిన తెప్ప ఇప్పుడు ఊరికి ముందు. బట్టీ రాజుకుంది. ఇన్నేళ్ళూ తోక చివరి నుంచి సముద్రంలోకి పోయే పొగ ఇవాళ ఎదురుగాలికి ఊరంతటి మీదుగా వస్తోంది. గుమ్మాలు, గిన్నెలు, పిల్లుల మీసాలు, అన్నీ తెల్లబడ్డాయి. కనురెప్పల మీద సన్నటి సున్నం పడి అందరూ ఎవరో కలగన్న మనుషుల్లా ఉన్నారు.

బట్టీ కాసేపు ఆర్పమని గవర్రాజు గారు కబురంపారు. మోసుకెళ్ళింది నేనే.

"మలుపుకి అందరి తెప్పలూ సందులు వదిలాయి. మొదట ఆయన ఇంటికిందే ఊరుతున్నాయి నీళ్ళు. సున్నం కావాలా, తుమ్ములు వద్దా, ఏదో ఒకటి సెప్పమను" అంది.

చెప్పాను. ఆయన జవాబు చెప్పబోయి తుమ్మారు. నేనూ తుమ్మాను. ఊరు తుమ్ముకుంటూ నదిలో ముందుకి పోతోంది. తుమ్మిన ప్రతివాళ్ళూ తలెత్తి ఎవరా అని ముందు తెప్పకేసి చూస్తున్నారు. ఆవిడ అక్కడ గవ్వలు ఎగదోస్తూ కనిపిస్తోంది.